కుక్కపిల్ల పచ్చి మాంసం తింటే: ముక్కతో పాటు ఇంకేం పోయిందో చూడాలి

ఆదివారం పొద్దున కోడి మాంసం తెచ్చి, నల్ల కవరును వంటగదిలో కింద పెట్టి, గిన్నె కోసం అటు తిరుగుతారు. ఇటు తిరిగేసరికి రెండు నెలల కుక్కపిల్ల కవరు కొరికి, ఒక ముక్క నోట కరచుకుని మంచం కిందికి దూరిపోయి ఉంటుంది. బయటికి వచ్చినప్పుడు దాని మూతి మీద నెత్తుటి తడి, తోక ఊపుతూ సంబరం. ఇంట్లో మాత్రం గాభరా మొదలవుతుంది. ఉప్పునీళ్లు పట్టమని ఒకరు, గొంతులో వేలు పెట్టి కక్కించమని ఇంకొకరు. నెత్తురు రుచి మరిగిన కుక్క రేపు మనుషుల మీద పడుతుందని పక్కింటివారి హెచ్చరిక. ఈ మూడింటిలో కుక్కపిల్లకు మేలు చేసేది ఒక్కటీ లేదు. మొదటి రెండూ నేరుగా హాని చేస్తాయి.

పచ్చి మాంసం కుక్క కడుపుకు కొత్తదేమీ కాదు. దాని జీర్ణాశయంలో ఊరే ఆమ్లం ఘాటైనది, మాంసాన్ని అరిగించడానికి సరిపోయేది. మనిషి పంచన చేరాక కుక్క అన్నం, రొట్టె వంటి పిండిపదార్థాలకూ అలవాటు పడింది. పిండిని విడగొట్టే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో కన్నా కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ కాపీలుగా ఉందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం వెల్లడించింది. అన్నం అరిగించుకోవడం నేర్చినంత మాత్రాన మాంసం అరిగించుకునే శక్తి పోలేదు. కాబట్టి తాజా కోడి మాంసం, ఎముక లేని చిన్న ముక్క ఒకటి మింగిన కుక్కపిల్లకు చాలాసార్లు ఏమీ కాదు. ఒకటి రెండు సార్లు పలచగా విరేచనం కావచ్చు, అంతే.

అయితే పిల్ల విషయంలో ధీమా పనికిరాదు. తల్లి పాలతో వచ్చిన రక్షణ ఆరో వారం నుంచి తగ్గుతూ పోతుంది. సొంత రక్షణ అప్పటికి పూర్తిగా నిలదొక్కుకోదు. మూడు కిలోల ఒంట్లో నీటి నిల్వ తక్కువ, చక్కెర నిల్వ ఇంకా తక్కువ. పెద్ద కుక్క లెక్కచేయని నాలుగు విరేచనాలకే చిన్నపిల్ల వాడిపోతుంది. అందుకే మాంసం తిన్నదన్న దగ్గరే ఆలోచన ఆగిపోకూడదు. ఆ ముక్కతో పాటు ఇంకేం లోపలికి పోయింది? ప్రమాదం ఎంతన్నది చాలావరకు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ జవాబు వెతకవలసిన మొదటి చోటు కవరే. చిరిగిన కవరును నేల మీద పరిచి, ముక్కలన్నీ కలిపి చూడాలి. అరచేయంత భాగం కనిపించకపోతే అది కడుపులో ఉందనే అనుకోవాలి. నెత్తురు, కొవ్వు అంటిన ప్లాస్టిక్‌కు, మాంసానికి కుక్కపిల్ల తేడా చూడదు. మాంసం అరుగుతుంది, ప్లాస్టిక్ అరగదు. చిన్న పేలికలైతే మలంతో బయటపడతాయి. పెద్ద ముక్క పేగులో మడతపడితే దారి మూసుకుపోతుంది. పైగా ప్లాస్టిక్ ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు. కవరు మింగి ఉండవచ్చన్న మాట ఇంటివాళ్లు చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి తక్కువ. సూపర్ మార్కెట్ ప్యాకెట్లలో మాంసం అడుగున నీరు పీల్చడానికి పెట్టే మెత్తటి పట్టీ కూడా ఇలాంటిదే. కబాబ్ పుల్లలు, మాంసం కట్టిన దారం అంతకన్నా ప్రమాదం. దారం ఒక కొస ఎక్కడో చిక్కుకుని రెండో కొస పేగులో ముందుకు పోతుంటే, పేగు కుచ్చులా ముడుచుకుని కోసుకుపోతుంది. నోటి నుంచి గానీ, వెనుక నుంచి గానీ దారం కొస వేలాడుతుంటే దాన్ని లాగకూడదు.

తరువాత ఎముకలు. ఉడికిన కోడి ఎముక పెళుసై సూదిలా విరుగుతుందని చాలామందికి తెలుసు. పచ్చి ఎముక అంత పెళుసు కాదు గానీ, దాన్ని పూర్తిగా సురక్షితమనుకోవడం పొరపాటు. పాలపళ్ల కుక్కపిల్ల నమలలేక మింగేస్తుంది. జీర్ణాశయంలోకి చేరిన చిన్న ఎముకను ఆమ్లం మెత్తబరుస్తుంది. ఆ లోపే అన్నవాహికలో ఇరుక్కుంటేనే అసలు చిక్కు. అలా ఇరుక్కుంటే కుక్కపిల్ల మాటిమాటికీ గుటకలు వేస్తుంది, నోటి నుంచి చొంగ కారుతుంది, మెడ చాచి కూర్చుంటుంది, తాగిన నీళ్లు తాగినట్టే బయటికి వచ్చేస్తాయి. ఇది రేపటిదాకా ఆగే సంగతి కాదు, అదే గంటలో ఆసుపత్రికి చేర్చాలి. ఊపిరి అందక చిగుళ్లు నీలం తిరుగుతుంటే గంట కాదు, నిమిషాలే వ్యవధి. మేక కాలి మూలగ ఎముకను ఉంగరంలా కోసి ఇస్తే అది కింది దవడ చుట్టూ బిగుసుకుపోవడం కూడా పశువైద్యులకు పరిచయమైన దృశ్యమే.

తెలుగు వంటింట్లో మరో సంగతి ఉంది. పచ్చి మాంసం చాలాసార్లు ఒట్టి మాంసంగా ఉండదు. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, కొన్నిచోట్ల ఉల్లిపాయ ముద్ద కూడా పట్టించి గంటో రెండు గంటలో నానబెడతారు. కుక్కపిల్ల మూతి పెట్టింది ఆ గిన్నెలో అయితే ప్రశ్నే మారిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. పచ్చివైనా, ఉడికినవైనా, ఎండబెట్టి పొడి చేసినవైనా ఆ గుణం పోదు. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తిన్న కుక్కల్లో రక్తంలో మార్పులు కనిపిస్తాయి. మూడు కిలోల పిల్లకు అది ఒక మామూలు ఉల్లిపాయలో దాదాపు సగం. వెల్లుల్లి అంతకన్నా ఎన్నో రెట్లు ఘాటు, దానికి ఇంకా తక్కువే చాలు. నానబెట్టిన ముక్క ఒకటి తిన్నంత మాత్రాన కంగారు పడనవసరం లేదు. గిన్నె అడుగున ఉన్న ముద్దంతా నాకేసిందంటే మాత్రం ఫోను తీయవలసిందే. ఇక్కడ మోసం చేసేది వ్యవధి. తిన్న రోజు కుక్కపిల్ల మామూలుగానే ఆడుకుంటుంది. రెండో రోజో, నాలుగో రోజో చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు ఎరుపుగానో గోధుమ రంగుగానో మారి, నాలుగడుగులు వేసి కూలబడుతుంది. అప్పటికి ఆదివారం సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఉప్పు కూడా తక్కువది కాదు. కిలో బరువుకు రెండు మూడు గ్రాముల ఉప్పు లోపలికి పోతే కుక్కలో విష లక్షణాలు మొదలవుతాయి. మూడు కిలోల పిల్లకు ఒకటి, ఒకటిన్నర టీ చెంచాలు అన్నమాట. ఇప్పుడు మొదట చెప్పిన ఇంటివైద్యం గుర్తు చేసుకోవాలి. కక్కించడానికి గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి గొంతులో పోస్తే, తిన్న మాంసం ముక్క కన్నా ఆ మందే ప్రాణం మీదికి తెస్తుంది. కక్కు రాకపోతే ఉప్పంతా రక్తంలోకి పోతుంది. మెదడు కణాల్లోని నీరు లాగేసి వణుకు, ఫిట్స్ తెప్పిస్తుంది. బలవంతంగా పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా మరో గండం. వేలు పెట్టి కక్కించబోతే గొంతు గీరుకుపోతుంది, వేలికి పంటిగాటు పడుతుంది. ఎముక మింగిన కుక్కను కక్కిస్తే దిగేటప్పుడు గుచ్చుకోని ఎముక ఎక్కేటప్పుడు గుచ్చుకుంటుంది. కక్కించడం కొన్ని సందర్భాల్లో నిజంగా అవసరమే. ఆ నిర్ణయం, ఆ మందు రెండూ పశువైద్యుల చేతిలో ఉండవలసినవి.

మరి ఇంట్లో చేయగలిగింది ఏమిటి? మిగిలిన మాంసం అందకుండా తీసేయడం, తాగడానికి మంచినీళ్లు పెట్టడం, గడియారం చూసి తిన్న సమయం రాసుకోవడం. ఆ తరువాత గమనించడం. ఈ గమనించడంలో అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం చిగుళ్లు. కుక్కపిల్ల కులాసాగా ఉన్న రోజే పై పెదవి మెల్లగా ఎత్తి ఒకసారి చూసి పెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చిగురు గులాబీ రంగులో, తడిగా, వేలికి జారుతున్నట్టు ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపే రంగు తిరిగి వస్తుంది. చిగురు జిగటగా, వేలికి అంటుకుంటున్నట్టు ఉంటే ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు. రంగు రావడం ఆలస్యమైతే రక్తప్రసరణ మందగించినట్టు. కొన్ని జాతుల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ఒళ్లు ముట్టుకుంటే మనకు వేడిగా తోచినంత మాత్రాన జ్వరం ఉన్నట్టు కాదు.

పచ్చి కోడి మాంసంలో ఉండే సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు వెంటనే బయటపడవు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో, అప్పుడప్పుడు వారంలోపు వాటి ప్రభావం కనిపిస్తుంది. కాబట్టి ఒక పూట బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో గంటల తరబడి బయట ఉన్న మాంసం, అప్పుడే కోసిన మాంసం ఒకటి కావు. బాక్టీరియాకు అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే అవి చావవు, నిద్రపోతాయి. వాటిని చంపేది ఉడకబెట్టడమే.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయే పొరపాటు ఒకటుంది. కుక్కపిల్ల వాంతులు చేసుకుని, నెత్తురుతో నీచు వాసన కొట్టే విరేచనాలు పెడుతుంటే, మొన్న తిన్న పచ్చి మాంసమే కారణమని ఇంటివాళ్లు తేల్చేసుకుంటారు. పెరుగన్నం పెట్టి రెండు రోజులు చూద్దామనుకుంటారు. అది మాంసం పని కాకుండా పార్వో వైరస్ కావచ్చు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా ఒక్కసారిగా వ్యాపించిన ఈ జబ్బు ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు కుక్కపిల్లల పాలిట పెద్ద గండం. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే ఆదివారం మాంసం తిని సోమవారం నెత్తురు విరేచనాలు మొదలైతే, వైరస్ మాంసం కన్నా ముందే లోపల కూర్చుని ఉండవచ్చు. ఆసుపత్రిలో మలం నమూనాతో నిమిషాల్లో తేల్చే కిట్ ఉంది. చికిత్స లేకపోతే ఎక్కువ పిల్లలు చనిపోతాయి. సకాలంలో సెలైన్, మందులు అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా ఒకటి రెండు రోజుల ఆలస్యమే. టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులు, విరేచనాలు కలిసి వచ్చాయంటే మాంసం తిన్నా తినకపోయినా అదే రోజు చూపించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టిన టీకాను పదహారు వారాల వయసు దాటేదాకా మళ్లీ మళ్లీ వేయించమని చెప్పేది ఊరికే కాదు. తల్లి ఇచ్చిన రక్షణ ఉన్నంతకాలం అది టీకాను కూడా అడ్డుకుంటుంది. ఆ రక్షణ ఏ వారంలో పోతుందో ఒక్కో పిల్లకు ఒక్కో లెక్క.

కడుపు బాగాలేనప్పుడు లంఖణం పరమౌషధం అంటారు. పెద్ద కుక్కకు ఒక పూట పస్తు పనికివస్తుందేమో గానీ, చిన్నపిల్లను రోజంతా పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోయి మగతలోకి జారుతుంది. పామరేనియన్ వంటి చిన్న జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. వాంతి లేకపోతే మెత్తగా ఉడికిన అన్నంలో ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం చిదిపి కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టవచ్చు. వాంతి ఆగకపోతే ఇంట్లో ప్రయత్నాలు ఆపేయాలి. మనుషుల విరేచనాల మాత్రలు, పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ దగ్గరికి రానివ్వకూడదు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్ర సగం విరిచి వేయడం కూడా అలాంటి పనే.

గొర్రె, మేక మాంసం దగ్గర మరో కథ ఉంది. అది వంటింట్లో కాదు, దుకాణం వెనుక జరిగేది. మేకను కోసినప్పుడు కార్జం మీదనో, ఊపిరితిత్తుల మీదనో తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే కోసేవారు ఆ భాగం తీసి పక్కన కాచుకుని ఉన్న కుక్కలకు విసిరేస్తారు. అవి హైడాటిడ్ తిత్తులు. వాటిలో ఉండేవి ఒక బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగుల్లో అవి బియ్యపు గింజ పాటి పురుగులుగా ఎదిగి, దాదాపు ఆరేడు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. కుక్కకు ఏ బాధా తెలియదు. దాని మలంలో, బొచ్చు మీద అంటుకున్న గుడ్లు పిల్లల చేతికి, చేతి నుంచి నోటికి చేరితే, మనిషి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో అవే నీటి తిత్తులు ఏళ్ల తరబడి పెరుగుతాయి. చివరికి ఆపరేషన్ దాకా తీసుకుపోతాయి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. ఇంత గొర్రెల సంపద ఉన్నచోట ఈ సంగతి ప్రతి మాంసం దుకాణంలో, ప్రతి గొర్రెల మంద దగ్గర తెలిసి ఉండాలి. తెలియకపోవడం బాధాకరం. కుక్కపిల్ల తిన్నది ఒట్టి కండ ముక్క అయితే ఈ భయం దాదాపు లేదు. పచ్చి కార్జమో, ఊపిరితిత్తో తిన్నదని తెలిస్తే ఆ మాట డాక్టరుకు విడిగా చెప్పాలి. కుక్కపిల్లలకు మామూలుగా తాగించే నులిపురుగుల మందులన్నీ బద్దెపురుగుల మీద పనిచేయవు. దీనికి ప్రాజిక్వాంటెల్ అనే మందు కావాలి. ఆరు వారాలు గడిచేలోపే అది పడితే పురుగు గుడ్ల దశకు చేరదు.

కోళ్లలో బర్డ్ ఫ్లూ ఉన్న రోజుల్లో జాగ్రత్త రెట్టింపు కావాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఈ వైరస్ కుక్కకూ సోకగలదని 2004లోనే థాయ్‌లాండ్‌లో తేలింది. అక్కడ జబ్బుపడిన బాతులను తిన్న ఒక కుక్క చనిపోయింది. చచ్చిన కోడిని కుక్క ముందు పడేయడం అప్పుడే కాదు, ఎప్పుడూ చేయరాని పని.

వీధిలో దొరికిన మాంసం ముక్క వేరే లెక్క. అందులో ఎలుకల మందో, పురుగుల మందో కలిపి ఉండవచ్చు. తిన్న కొద్దిసేపటికే చొంగ, వణుకు, తూలుడు కనిపిస్తే ఇంట్లో గమనిస్తూ కూర్చునే వ్యవధి లేదు.

ఇక నెత్తురు రుచి మరిగితే కరుస్తుందన్న మాట. దీనికి ఆధారం లేదు. పచ్చి మాంసం కుక్క స్వభావాన్ని మార్చదు. అయితే ఆ నమ్మకం వెనుక ఒక నిజమైన అనుభవం ఉంది. ఎంతో ఇష్టమైనది నోట్లో ఉన్నప్పుడు ఎవరైనా లాక్కోబోతే రెండు నెలల పిల్ల కూడా గుర్రుమంటుంది. తరిమి, మూలకు నెట్టి, దవడలు విప్పితే ముక్కను గబుక్కున మింగేస్తుంది, లేదా కరుస్తుంది. చూసినవాళ్లు దాన్ని నెత్తురు రుచి కింద జమకడతారు. అసలు అది నేర్చుకున్నది ఏమిటంటే, మనిషి చేయి దగ్గరికి వస్తే ఇష్టమైనది పోతుందని. బిస్కెట్టో, ఉడికిన గుడ్డు ముక్కో చూపించి పిలిస్తే నోట్లోది వదిలి వస్తుంది. పెనుగులాటలో పన్ను దిగితే, చిన్నపిల్లే కదా అని ఊరుకోకూడదు. ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం వెళ్లాలి. మూడు నెలలు నిండని పిల్లకు సాధారణంగా రేబిస్ టీకా పడి ఉండదు.

పొరపాటున తినడం ఒకటి, బలం వస్తుందని రోజూ కోరి పెట్టడం ఒకటి. కోడి మాంసం దుకాణం నుంచి తలలు, కాళ్లు, స్కిన్, కందనకాయలు తెచ్చి పచ్చివే వేయడం మన ఊళ్లలో మామూలే. ఎముకలు తీసిన మాంసం మాత్రమే పెట్టేవారూ ఉన్నారు. వంద గ్రాముల కోడి కండలో భాస్వరం దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం పది పదిహేను మిల్లీగ్రాములకు మించదు. ఎదిగే పిల్లకు కాల్షియం భాస్వరానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో కావాలి. ఆ లోటును శరీరం సొంత ఎముకల నుంచే తీసుకుంటుంది. కొన్ని వారాలకు కాళ్లు వంకరపోతాయి, మంచం మీద నుంచి దూకితే ఎముక విరుగుతుంది. జబ్బు క్రిములు చావని మాంసాన్ని కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని అమెరికా పశువైద్య సంఘం 2012లోనే విధానంగా ప్రకటించింది. ఆ మాట కుక్కల కోసం ఎంతో, వాటిని పెంచే మనుషుల కోసమూ అంతే. సాల్మొనెల్లా ఉన్న కుక్క పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వారాల తరబడి దాన్ని మలంలో వదలగలదు. పచ్చి మాంసం తిన్న కొన్ని రోజుల వరకు మలం వెంటనే ఎత్తేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పసిపిల్లల, గర్భిణుల, ముసలివాళ్ల మొహం నాకనివ్వకూడదు. ముక్కను లాక్కుపోయిన దారి పొడవునా నేల తుడవడం కూడా మరిచిపోకూడదు. మంచం కింద పడి ఉన్న మిగతా సగం ముక్క చాలాసార్లు మర్నాడు వాసన వచ్చాకే దొరుకుతుంది.

ఆసుపత్రికి ఫోను చేసినప్పుడు డాక్టరు అడిగేవి దాదాపు ఇవే: వయసు, బరువు, ఏ టీకాలు ఎప్పుడు వేయించారు, ఏ మాంసం, ఎంత, ఎన్ని గంటలకు, ఎముక ఉందా, మసాలా కలిపారా. వెళ్లేటప్పుడు చిరిగిన కవరు ముక్కలు, శుభ్రమైన డబ్బాలో కాస్త మలం వెంట తీసుకువెళితే సగం పని తేలికవుతుంది. టీకాలు పూర్తికాని పిల్లను ఆసుపత్రి నేల మీద వదలకూడదు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు లొంగదు. ఒడిలోనో, బుట్టలోనో ఉంచుకుని, మిగతా కుక్కలకు దూరంగా, వీలైతే బయటే నిలబడి పిలుపు వచ్చాక లోపలికి తీసుకువెళ్లాలి.